టకటక కచేరీ

"నా మిషన్ని ఎవరు ముట్టుకున్నారు?" లొరేన్ స్టేజీ మీదే కేక పెట్టింది.

హాలు చూసుకునే క్లారెన్స్ మురిసిపోతూ ముందుకొచ్చాడు. "నేనేనమ్మా! పాపం, టైపు మిషన్లో రెండే మీటలు పనిచేస్తున్నాయని చూశాను. మనసాగక మెకానిక్‌ని పిలిపించి అన్నీ బాగుచేయించాను."

"కొంప ముంచావు కదయ్యా! మిగతావన్నీ నేనే కదలకుండా బిగించుకున్నాను. అన్నీ లేస్తే ఈ పాట వేగానికి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోవూ?"

క్లారెన్స్ మొహం మాడిపోయింది. ఉపకారానికి పోతే ఇంతే మరి. టైపు మిషన్నే వాద్యంగా వాయించే పాట కోసం బృందమంతా సిద్ధంగా కూర్చునే ఉంది. తెర లేవబోతోంది.

వెనక పెద్ద డ్రమ్ము దగ్గర ముసలి గస్ కిసుక్కున నవ్వాడు. నోరు మూసుకున్న గస్‌ని మిల్వాకీ ఊళ్లో ఇంతవరకు ఎవరూ చూడలేదు. "ఇవాళ టైపు మిషను, రేపు బట్టలుతికే మిషను! వాయించు తల్లీ, వాయించు. ఈ పాటలో నాకెలాగూ పని లేదు, చేతులు కట్టుకుని వింటాను."

బృందాన్ని నడిపే రైన్‌హోల్ట్ మాత్రం నవ్వలేదు. "చూడు లొరేన్. ఆడపిల్లని అందరికంటే ముందు కూర్చోబెట్టానని నన్ను పీక్కుతింటున్నారు. మధ్యలో ఆగిందంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"ఆగదు, మాస్ట్రో."

అనేసి మిషన్ ముందు కూర్చుంది. ఈ కుర్చీ కోసం ఎన్నేళ్లు వెనక మూల నించుని ముక్కోణం గంట మోగించిందో ఆమెకే తెలుసు.

తెర లేచింది. వయొలిన్లు ఎత్తుకున్నాయి. లొరేన్ ఒళ్లంతా కళ్లు చేసుకుని అటో మీట, ఇటో మీట కొట్టసాగింది. టకటక టకటక! జనం పకపకా నవ్వారు, చప్పట్లు కొట్టారు. రైన్‌హోల్ట్ చెయ్యి జోరందుకుంది. పాట పరుగెత్తింది.

అంతే, వేలు జారింది. అక్షరాలు కొట్టే ఇనప పుల్లలు నాలుగు ఒక్కసారి లేచి కాగితం ముందు చిక్కు పడిపోయాయి. వయొలిన్లన్నీ ఆగి, టైపు మిషనొక్కటే మోగాల్సిన చోటు సరిగ్గా అదే! లొరేన్ పై ప్రాణం పైనే పోయింది. అయినా వేళ్లు ఆపలేదు, మీటలకి తగలకుండా గాల్లోనే ఆడించింది.

టకటక టకటక టక్!

చప్పుడు ఆగలేదు! ఎక్కణ్ణించో వెనకనుంచి, ఆమె వేళ్లు ఎలా ఆడితే అలా, అచ్చం టైపు మిషన్ చప్పుడే. వెనక్కి తిరిగి చూస్తే దొరికిపోతుంది. పళ్లు బిగబట్టి చివరిదాకా లాక్కొచ్చింది.

హాలు హాలంతా లేచి నించుంది. "మళ్లీ! మళ్లీ!" అని ఒకటే గోల. ఆ గోలలో లొరేన్ గబగబా పుల్లల చిక్కు విడదీసి, జడ రిబ్బన్ లాగి, రెండు మీటలు వదిలి మిగతావన్నీ కట్టిపారేసింది. ఈ ఉపాయం ఇందాక ఏ గంగలో కలిసిందో! రెండోసారి మాత్రం తనే వాయించింది, చెలరేగి వాయించింది. ఈసారి చప్పట్లకి హాలు కప్పు లేచిపోతుందనుకున్నారు.

"రేపట్నుంచి ఈ కుర్చీ నీదే!" రైన్‌హోల్ట్ అందరి ముందూ ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

తెర పడగానే లొరేన్ వెనక్కి పరుగెత్తింది. "గస్ గారూ, ఇందాక నన్ను కాపాడింది మీరేనా?"

గస్ పెదవి విప్పలేదు. ఔనన్నట్టు తలూపాడు.

"నవ్వి నవ్వి మీరే ఆదుకున్నారా! మాట్లాడరేం? చెక్క మీద పుల్లతో కొట్టారా? అలా అయితే ఆ చప్పుడు రాదే! దేంతో వాయించారు?"

గస్ సిగ్గుపడుతూ గుప్పిట విప్పాడు. అందులో ఉన్నాయి, పైవీ కిందవీ, అతని కట్టుడు పళ్లు!