వాములాంటి వాసన

థైమ్ అనే సీమ ఆకు విత్తనాలు ఆవగింజలో పదోవంతు కూడా లేవు. అరచేతిలో పోసుకుంటే ఊపిరికే ఎగిరిపోయేలా ఉన్నాయి.

“గట్టిగా గాలి పీల్చకు,” అన్నాడు ఉదయ్ భాస్కర్, కుండీ మీదికి వంగి.

“పీల్చినా నాకేం తెలుస్తుంది గనక,” అంది సంయుక్త.

నవ్వుతూనే అంది. ఉదయ్ నవ్వలేదు.

కడుపుతో ఉన్నప్పుడు సంయుక్తకి కరోనా వచ్చింది. మొగుడికీ వచ్చింది. జ్వరం ఇద్దరికీ తగ్గింది, వాసన మాత్రం ఇద్దరికీ పోయింది. వారం తిరక్కుండానే ఉదయ్, “నాకొచ్చేసింది, నీకూ వస్తుందిలే,” అన్నాడు. సంయుక్తకి రాలేదు. పాప పుట్టింది, పాకింది, నడిచింది. అయినా రాలేదు.

ఇంగువ తెలియకపోతే పోయింది. మల్లెపూలు తెలియకపోయినా సరిపెట్టుకుంది. కన్నకూతురి వాసన ఎలా ఉంటుందో తెలియకపోవడం మాత్రం ఆమె గుండెని కోసేది. తలంటి, సాంబ్రాణి పొగ వేశాక, పాప ఆమని నెత్తిమీద ముక్కు ఆనించి మొగుణ్ని అడిగేది.

“ఎలా ఉంది? చెప్పు ఉదయ్.”

ఉదయ్ పాప తలని దగ్గరికి తీసుకుని కళ్లు మూసుకునేవాడు. “పాలు... సాంబ్రాణి... కొంచెం ఎండలో ఆరేసిన బట్టల వాసన.”

అంత బాగా చెప్పేవాడు. ఆ ఇంటికి మిగిలిన ఒకే ఒక్క ముక్కు మరి! అదీ అంత గొప్పదేం కాదు. మొన్న స్టవ్ మీద పాలు మాడి మసైపోతుంటే పక్క గదిలో ల్యాప్‌టాప్ ముందు రాయిలా కూర్చున్నాడు. మీటింగులో ఉంటే మగవాళ్లకి చెవులు తప్ప ఇంకేమీ పనిచెయ్యవని సంయుక్త నాలుగు తిట్టి ఊరుకుంది.

థైమ్ ఆలోచన ఉదయ్‌దే.

“తెలిసిన వాసనలైతే జ్ఞాపకం నాటకమాడుతుంది. నిజంగా వచ్చిందో, వచ్చినట్టు అనిపించిందో తేలదు. మనింట్లో ఎవరం ఎప్పుడూ ఎరగని ఆకు కావాలి. అది గనక నీకు తెలిసిందా, ఇక పాప వాసన ఎంతసేపు?”

వాచ్‌మన్ ఐలయ్య బస్తాతో మట్టి తెచ్చిచ్చాడు. “ప్రగతి నగర్ చెర్వు కాడి మట్టి మేడం. ఏమేసినా మొలుస్తది, ఫికర్ జెయ్యకుండ్రి.”

ఆఫీసు నుంచి రాగానే, భుజాన బ్యాగు కూడా దించకుండా బాల్కనీలోకి పరిగెత్తేవాడు ఉదయ్. చెంచాతో నీళ్లు పోసేవాడు. ఎండ తగలకుండా సంయుక్త పాత చున్నీ అడ్డం కట్టాడు. మొత్తానికి మొలిచింది. చిన్నచిన్న ఆకులతో, ఎర్రటి కాడలతో కుండీ అంతా అల్లుకుపోయింది. అచ్చం ఫోన్లో బొమ్మలాగే ఉందని ఉదయ్ కుండీ ముందు గొంతుక్కూర్చుని చప్పట్లు కొట్టాడు.

ఆకు తెంపడానికి ఆదివారం ముహూర్తం పెట్టాడు. ముందురోజే కాకినాడ నుంచి వచ్చిన వాళ్లమ్మ సుబ్బలక్ష్మి లోపల మనవరాలికి తలంటుతోంది.

సంయుక్త ఒక రెమ్మ తుంచింది. వేళ్లకి తెల్లగా పాలు అంటుకున్నాయి. నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది.

ఏమీ లేదు. గోడని వాసన చూసినట్టుంది.

తలెత్తితే ఎదురుగా ఉదయ్ ముఖం. ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆ ముఖం చూసి నిజం చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. రాయదుర్గంలో తన ఆఫీసు నుంచి మెట్రోలో వస్తూ థైమ్ గురించి చదివినది గుర్తు తెచ్చుకుంది.

“వస్తోంది ఉదయ్!” అంది. “వాములా ఉంది!”

ఉదయ్ ఆ రెమ్మని లాక్కున్నాడు. కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చాడు. అతని చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

“అవునే. వామే. అడుగున కొంచెం నిమ్మతొక్క కూడా. ఎంత ఘాటుగా ఉందో!”

సంయుక్త అతని భుజంలో తల దాచుకుని ఏడ్చేసింది. పోనీలే, ఆ వాసన ఈయనకైనా దక్కింది అనుకుంది.

“ఏంట్రా ఆ గోల?” అంటూ సుబ్బలక్ష్మి, తువ్వాల్లో చుట్టిన పాపని చంకనేసుకుని వచ్చింది. సంగతంతా విన్నది. కొడుకు చేతిలో రెమ్మ తీసుకుని నలిపింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, తిప్పి చూసింది. ఫక్కున నవ్వింది.

“ఓరి పిచ్చి నాయనా, ఇది మన పెరట్లో పీకి పారేసే రెడ్డివారి నానబాలు కదరా, అసలు దీనికి లేని వాసన మీ ఇద్దరికీ ఎలా వచ్చిందర్రా?”