మొదటి ఆరు బిందెలు

వీధి కొళాయిలో నీళ్ళు రాగానే గంగులమ్మ తన బిందె నింపింది. నింపి, నేరుగా తీసుకెళ్ళి కాలువలో పారబోసింది.

రెండో బిందె కూడా అలాగే పారబోసింది.

వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు గొణిగారు.

అది ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలం. పుత్తూరు దారిలోని ఆ చిన్న టౌనులో బావులు అడుగంటాయి. కొళాయిలో దినం మార్చి దినం, ముప్పావు గంట మాత్రమే నీళ్ళు.

గంగులమ్మ ఆ వీధి మనిషి కాదు. ఊరి చివర గుడిసెల్లోంచి వస్తుంది. అందరికంటే ముందొచ్చి ఆరు బిందెలు పారబోస్తుంది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోతుంది. రెండేళ్ళ కిందట ఆ వీధికి కొళాయి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. నీళ్ళున్నప్పుడు పిచ్చిదని నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడు ఎవరికీ నవ్వు రావడం లేదు.

ఎలిమెంటరీ స్కూలు టీచరు పంకజాక్షి ముందుకొచ్చి ఆ బిందె పట్టుకుంది.

"ఏం మే, తాగే నీళ్ళు లేక మేం అల్లాడతా ఉంటే కాలవలో పోస్తావా?"

"మొదటి నీళ్ళు మంచివి కావమ్మా. పైపు కాలవలో పోతా ఉండాది. యాడో పగిలుండాది. మురుగు కలస్తాది."

"పగిలితే నీళ్ళు బయటికి పోతాయి. మురుగు లోపలికి ఎట్ల వస్తాది?"

"వస్తాదమ్మా. మునిసిపాలిటీ ఆఫీసులో గూడా చెప్పినాను. ఎవరూ వినలా."

"వాళ్ళకు తెలీంది నీకు తెలుసునా?"

గంగులమ్మ బిందె విడిపించుకుంది. వంగి మూడోసారి కొళాయి కింద పెట్టింది.

ఆ సాయంత్రమే పంకజాక్షి గంగులమ్మ మీద మునిసిపాలిటీకి అర్జీ రాసింది. ఎదురింటి దిల్షాద్ బీ వేలిముద్ర వేసింది. వీధంతా సంతకాలు చేసింది.

వీధి చివర పైపు కారుతోందని వాళ్ళిచ్చిన అర్జీలకు ఏడాదిగా జవాబు లేదు. ఈ అర్జీకి మాత్రం మూడో రోజే ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు.

వచ్చి గంగులమ్మ చేతిలో బిందె లాక్కున్నాడు.

"ఇంకోసారి ఈ కొళాయి మీద చెయ్యి పెట్టినావంటే పోలీసులకు పట్టిస్తా."

గంగులమ్మ పంకజాక్షి దగ్గరికొచ్చి చేతులు జోడించింది.

"నేను రానులే తల్లీ. ఆ ఆరు బిందెలు మీరన్నా పారబోయండి. బిడ్డలుండే ఇండ్లు."

పంకజాక్షి మొహం తిప్పుకుంది.

"ఆమె బిందె ఆమెకిచ్చి పంపించెయ్యండి," అంది ఆ మనిషితో.

మరుసటి తడవ నీళ్ళొచ్చినప్పుడు మొదటి బిందె దిల్షాద్ బీ పట్టుకుంది. రెండోది పంకజాక్షి.

వారం తిరక్కముందే వీధిలో వాంతులు, భేదులు మొదలయ్యాయి. పంకజాక్షి కొడుకు తిరుపతి ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలైను మీద ఉండి బతికాడు.

దిల్షాద్ బీ రెండేళ్ళ మనవడు బతకలేదు.

అప్పుడొచ్చారు మునిసిపాలిటీ వాళ్ళు. ఫిట్టరు గోవిందస్వామి కాలువలో పూడిక తీయించి చూశాడు. పైపు మురుగులోనే పడి ఉంది. జాయింటు దగ్గర వేలు దూరేంత సందు.

"నీళ్ళు వదిలినప్పుడు ఈడ బయటికి కారతాయి. నిలిపేసినాక ఇదే సందులో మురుగు లోపలికి దిగతాది," అన్నాడు. "పైపేసిన కాడినుంచి ఇంతే టీచరమ్మా. ఇన్నాళ్ళూ మీరంతా ఎట్ల బాగుండారో నాకర్థం కాలా."

దిల్షాద్ బీ తన బొటనవేలు చీర కొంగుతో తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

పొద్దు వాలేసరికి పంకజాక్షి ఊరి చివర గుడిసెల దగ్గరుంది. గంగులమ్మ గుడిసెకు తడిక కట్టేసి ఉంది. పక్క గుడిసె ముందు కుప్పయ్య అనే ముసలాయన పారకు పిడి బిగిస్తున్నాడు.

"గంగులమ్మ యాడికి పోయింది పెద్దాయనా?"

"రేణిగుంట తట్టు పనికి పోయినాదమ్మా. ఇంక ఈ పక్కకు రాదు. పోలీసులకు పట్టిస్తామన్నారంట గదా."

"ఆమె మా కొళాయి కాడికి ఎందుకొస్తా ఉండె? మీకు తెలుసునా?"

కుప్పయ్య పార పక్కన పెట్టాడు.

"ఆ పైపుకు గుంత తవ్వింది మేమే గదమ్మా. అడుగున బండ తగిలింది. పైపు కాలవలోనే పడెయ్యమన్నాడు కాంట్రాక్టరు. పడేసినాం. నోరెత్తితే కూలి పోతాది. తప్పని అందరికీ తెలుసు, అందరం మరిచిపోయినాం. ఆమె మరవలా."

కుప్పయ్య పార మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు.

"గుంత తవ్వేటప్పుడు ఒక దినం గంగులమ్మ ఎండకు కండ్లు తిరిగి పడిపోయినాది. ఆ వీధిలో ఎవరో అరుగు మీద పడుకోబెట్టి మజ్జిగ తాపించినారు."

పంకజాక్షికి ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. మజ్జిగ ఇచ్చిన చెంబు గుర్తొచ్చింది. తాగిన మనిషి మొహం మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

కుప్పయ్య చెబుతూనే ఉన్నాడు.

"మనకెందుకు మే అంటే వినేది కాదు. 'అది టీచరమ్మ ఇల్లు మామా, బిడ్డలుండారు, ఆ నీళ్ళు తాగనిస్తే నాకు పాపం తగలదా' అని, తెల్లారకముందే లేచి బిందె ఎత్తుకుని పోయేది."