పెరటి వరండాలో ఫిల్టరు

ఫిల్టరులో నీళ్ళు ఇవాళ కూడా తగ్గాయి. పడుకోబోయే ముందు త్రివిక్రమ్ తన చేత్తో నిండా పట్టి, మూత బిగించిన తొట్టి అది. లేచి చూస్తే చెంబుడు నీళ్ళు మాయం. కారిపోయాయా అంటే కింద తడి లేదు. ఇంట్లో ఉన్నది తనూ, భార్య మోక్షితా. ఇద్దరూ ఇప్పుడే పక్క మీంచి లేచారు.

నీళ్ళే కదా పోనీ అనుకునే పని కాదిది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మోక్షిత కడుపు పండింది. ఆ పరీక్షల్లోనే కిడ్నీలో రాళ్ళున్నట్టు బయటపడింది. ఆ ఇంటి బోరు నీళ్ళు ఒక్క గుక్క కూడా తాగడానికి వీల్లేదని డాక్టరమ్మ ఖండితంగా చెప్పేసింది.

సరే, ఫిల్టరు కొందామని బయల్దేరాడు. అద్దె ఇంటికి ఫిల్టరు కుదర్చడం పెళ్ళి సంబంధం కుదర్చడం కన్నా కష్టమని అప్పుడు తెలిసింది. గోడకు తగిలించేది తెద్దామంటే ఇంటావిడ వరదమ్మ మేకు కొట్టనివ్వదు. సింకు కింద అమర్చేదంటే పైపు కొయ్యనివ్వదు. చివరికి బల్ల మీద నిలబడేది, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చంకన పెట్టుకుపోయేది ఏరికోరి తెచ్చాడు. దానికి సరిపడే కొళాయేమో పెరటి వరండాలో ఉంది. ఆ వరండా రెండు వాటాలకూ ఉమ్మడి.

రెండో వాటాలో ఉండేది వరదమ్మ ఒక్కతే. భర్త బతికినన్నాళ్ళూ గుడి కైంకర్యంలో ఉన్నవాడు. ఈవిడ మడి సంగతి తిరుచానూరులో ఆ వీధి వీధంతటికీ తెలుసు. ఫిల్టరును చూసిన రోజే ముక్కు చిట్లించింది.

“ప్లాస్టిక్కు డబ్బా నీళ్ళు మా మడికి పనికిరావప్పా. నేను దాని నీడ కూడా తొక్కను,” అంది.

మర్నాడు త్రివిక్రమ్ వేకువనే లేచి కిటికీ రెక్క ఓరగా తెరిచి నిలబడ్డాడు. వచ్చింది. తడి చీరతో, వెండి చెంబుతో, పిల్లిలా అడుగులు వేసుకుంటూ వరదమ్మే వచ్చింది. చెంబు నింపుకుని, దాని మీద పమిట కప్పుకుని వెళ్ళిపోయింది.

“చూశావా, చెప్పేవి శ్రీరంగనీతులు,” అని పళ్ళు నూరాడు త్రివిక్రమ్. “ఇప్పుడే పోయి అడిగేస్తాను.”

మోక్షిత చెయ్యి పట్టుకుని ఆపింది. “పోనీలెండి, మామీ ఎంత తాగుతుంది? ఈ నెలల్లో ఇల్లు మారకూడదని మా అమ్మ చెప్పలా? ఆమెతో పెట్టుకుంటే యాడికి పోతాము?”

అదీ నిజమే. నోరు మూసుకున్నాడు గానీ కడుపు మంట చల్లారలేదు. కడుపుతో ఉన్న మనిషి నీళ్ళ మీదా ఈవిడ కన్ను? గొడవ పడకుండా బుద్ధి చెప్పే దారి వెతికాడు. తనూ వైష్ణవుల ఇంట పుట్టినవాడే. మడి మనిషిని ఎక్కడ కొట్టాలో ఒకరు నేర్పాలా?

ఆ రోజు మోక్షితకు కావలసిన నీళ్ళు ముందుగా బిందెకు పట్టి లోపల పెట్టాడు. తర్వాత తను గ్లాసును కరుచుకుని సగం తాగి, మిగిలిన ఎంగిలి నీళ్ళను తొట్టిలో ఒంపి మూత పెట్టాడు. వేకువన చెంబు వచ్చింది, నిండింది, వెళ్ళింది. తెల్లారాక తొట్టి శుభ్రంగా కడిగి మళ్ళీ నీళ్ళు పట్టాడు.

ఇక రోజూ అదే పని. పూలమ్మే సిద్ధమ్మ గడప దగ్గరికొస్తే వరదమ్మ “దూరం, దూరం, మడిలో ఉండాను” అనేది. త్రివిక్రమ్ పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాడు. పొట్ట నిండా నా ఎంగిలి పెట్టుకుని ఎవరి మీద తల్లీ నీ మడి అనుకుంటే అతనికి ప్రాణం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేం.

ఒక శుక్రవారం పొద్దున వరదమ్మ ఇద్దర్నీ తన వాటాలోకి పిలిచింది. పూజగదిలో చిన్న పెరుమాళ్ విగ్రహం తులసి మాలతో మెరిసిపోతోంది. మోక్షితను పీట మీద కూర్చోబెట్టి ముమ్మారు తీర్థం ఇచ్చింది. మోక్షిత కళ్ళకద్దుకుని తాగి, ఆ తడి చేతిని పొట్టకు రాసుకుంది. త్రివిక్రమ్ కూడా భక్తిగా పుచ్చుకుని చెయ్యి తలకు తుడుచుకున్నాడు.

“నీ కాన్పు సులువుగా కావాలని మండలం దినాలు మొక్కుకున్నానమ్మా,” అంది వరదమ్మ. “ఈ పొద్దుతో తీరింది. దినమూ పెరుమాళ్ళకు తిరుమంజనం చేసినాను, ఇప్పుడు మీరు తాగింది ఆ తీర్థమే. ఎవరి కోసం మొక్కితే వాళ్ళింటి నీళ్ళతోనే ఆయన్ను తానం చేయించాల. మొక్కు తీరేదాకా వాళ్ళకు తెలియనీకూడదు. మా అత్తగారింటి ఆచారం అది. అందుకే మీ మిషను నీళ్ళు దొంగతనంగా పట్టుకున్నాను.”

మోక్షిత కళ్ళు చెమ్మగిల్లాయి. వంగలేక వంగి ఆవిడ పాదాలకు దండం పెట్టింది.

త్రివిక్రమ్ ఒక అడుగు ముందుకు వేశాడు. “మామీ, ఆ నీళ్ళు... మీరు తాగలేదా?”

“నేనెందుకు తాగుతానప్పా? ఒక్క చుక్క ముట్టలా. మిషను నీళ్ళు పెరుమాళ్ళకు చెల్లుతాయా అని ముందే మా ఆచార్యులను అడిగినాను. వడగట్టితే దోషం లేదు, ఎవరి నోరూ తగలకుండా ఉంటే చాలన్నారు,” అని నవ్వింది వరదమ్మ. “నువ్వేం దిగులు పెట్టుకోవద్దు నాయనా, మీరు లేవకముందే మడి కట్టుకోని పట్టినాను, ఒక్క బొట్టన్నా ఎంగిలి కానియ్యలేదు.”