కప్పల మీద ఫిర్యాదు

"పదేళ్ల లెక్కలు ఎక్కణ్ణుంచి తేనండీ? నేను ఉద్యోగంలో చేరిందే రెండేళ్ల కిందట!"

పర్యావరణ శాఖలో కప్పల లెక్క చూసే అమ్మాయి తల పట్టుకుంది. తెల్లారితే సమావేశం. బస్ డిపో వెనకున్న కుంటలో పదేళ్లుగా ఏటా కప్పలు గుడ్లు పెడుతున్నాయని రుజువుంటే దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని నిబంధన. లేదంటే మట్టి పోసి పార్కింగ్ చేసేస్తారు.

గుమాస్తా అటక మీంచి ఓ మూట దించి దుమ్ము దులిపాడు.

"కుంట పక్కింటి పెద్దాయనవి. ఒట్టి చాదస్తం మనిషి. పన్నెండేళ్లుగా వానాకాలమంతా వారం వారం రాస్తాడు. మామూలు ఉత్తరాలైతే ఏనాడో చెత్తబుట్టలో పడేవి. ఫిర్యాదులాయె, ముద్ర కొట్టి దాచక చస్తామా!"

ఆమె ఒకటి విప్పింది.

‘నిన్న సాయంత్రం ఉత్తరం గట్టున నలభై మూడు కప్పలు. రెల్లు దగ్గర పదకొండు చోట్ల గుడ్లు. వీటి గోలకు నా చెవులు చిల్లులు పడుతున్నాయి. తక్షణం చర్య తీసుకోగలరు.’

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఈ లెక్కలు నిజమేనని ఆయన సంతకం పెడితే చాలు. కానీ కప్పలంటే ఇంత మంట ఉన్న మనిషి పెడతాడా?

ఆమె గేటు తీస్తుండగానే పెద్దాయన కిటికీలోంచి చూసి, తనే తలుపు తెరిచాడు. గుమ్మం పక్కన బురద బూట్లున్నాయి. ఆమె బెరుగ్గా కుంట వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"నా మొహం చూసి మాట్లాడమ్మా! కుంటను నేను రోజూ చూస్తూనే ఉన్నా," కసిరాడాయన.

ఆమె బుద్ధిగా ఆయన వైపు తిరిగి అంతా చెప్పింది.

"అంటే, నా ఫిర్యాదులు చూపించి ఆ కప్పల్నే కాపాడతారా? బాగుంది వరస!"

"తప్పయితే క్షమించండి తాతగారూ. అయినా ఇంత కచ్చితంగా ఎలా లెక్కపెట్టారు?"

"లెక్క లేకపోతే మీ ఆఫీసువాళ్లు నమ్ముతారా? ఏదీ, ఎక్కడ పెట్టాలి సంతకం?"

గొణుక్కుంటూనే పెట్టేశాడు.

మర్నాడు సమావేశంలో మూట విప్పగానే పార్కింగ్ ఊసెత్తినవాళ్లు లేరు. సంతోషం పట్టలేక, సాయంత్రానికి ఆమె కుంట దగ్గరికి పరుగెత్తింది. పెద్దాయన బూట్లు తొడుక్కుని, నోటుపుస్తకం పట్టుకుని, అటు తిరిగి గట్టున నిలబడ్డాడు.

"తాతగారూ, గెలిచాం!"

ఆయన తిరగలేదు. ఆమె గొంతు చించుకుని మళ్లీ అరిచింది. కప్పలన్నీ ఠక్కున నోళ్లు మూసుకున్నాయి గానీ, ఆయన మాత్రం కదల్లేదు.

పెరట్లో ఆరిన బట్టలు తీస్తున్న ఆయన కోడలు నవ్వేసింది.

"ఎంత అరిచినా లాభం లేదమ్మా, దగ్గరికెళ్లి భుజం తట్టు. మామయ్యగారికి చెవులు వినపడక పదిహేనేళ్లయింది."