స్థానికురాలు

"మీ ఇంటికి ఇంతకుముందే ఒక సైటు ఇచ్చేసినారక్కా," అన్నాడు నెట్ సెంటర్ నడిపే శశికుమార్.

సువర్ణ నమ్మలేదు. తను నేసే పట్టుచీరలు తనే అమ్ముకుందామని వెబ్‌సైటు కోసం ధర్మవరం బజారుకు వచ్చింది. రాయలసీమ పేరుతో ముగిసే వెబ్‌సైటు అడ్రసు ఇక్కడ కాపురముండే వాళ్లకే ఇస్తారు, అదీ ఇంటికి ఒక్కటే.

"మా ఇంట్లో అడిగినోళ్లు ఎవరప్పా?"

శశికుమార్ స్క్రీను ఆమె వైపు తిప్పాడు. యజమాని సువర్ణ. వీధి ఆమెదే, ఇంటి నంబరూ ఆమెదే.

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు బెంగుళూరు షావుకారు, "నేను బయటివాణ్ణి, సీమ అడ్రసు నాకివ్వరు. నీ ఆధార్ ఇస్తే నీ చీరలన్నీ నేనే కొంటానమ్మా," అంటే మగ్గం మీంచి లేచి వెళ్లి తెచ్చిచ్చింది.

"నా పేరే ఉండాది కదా, తెరువు."

శశికుమార్ లాగిన్ నొక్కాడు. "ఓటీపీ వేరేవాళ్ల ఫోనుకు పోయిందక్కా."

అంతలోనే ఆమె ఫోను మోగింది. షావుకారే.

"జాగ్రత్తమ్మా, ఎవరో బయటివాళ్లు మన సైటులోకి దూరాలని చూస్తున్నారు."