పెరటి అంజూరకు పట్టిన పురుగు

తోటల డాక్టరు అంజూర చెట్టు కింద గొంతుక్కూర్చుని రాలిన కాయను చాకుతో చీలుస్తున్నాడు. అతన్ని పిలిపించిన ఇంటావిడకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. గడప దాకా పోతోంది, మళ్ళీ వస్తోంది.

"పురుగు ఉందాండీ?"

"చూడనీ అమ్మా, తొందరెందుకు?"

ఉండాలనే ఆమె కోరిక. పురుగు ఉంటే నాన్న నిజం చెప్పినట్టు. లేకపోతే దొంగతనంగా కాయలు మింగుతున్నట్టు. మూడు నెలలుగా మందు పూట తప్పలేదు, పథ్యం గట్టిగానే సాగుతోంది. అయినా షుగరు దిగనంటోంది. కాలి బొటనవేలి పుండు మానడం లేదు. వారంలో తగ్గకపోతే వేలు తీసేయాలన్నారు ఆసుపత్రిలో. ముల్లు గుచ్చుకుంటేనే వీధంతా వినేలా అరిచే మనిషి, వేలు కోస్తామంటే ఏమైపోతాడు?

ఇంట్లో తీపన్నదంతా బీరువాలో పెట్టి తాళం వేసింది. చెట్టుకు తాళం వేయలేదు కదా! పెద్దాయనకేమో పొద్దునా సాయంత్రం దాని కిందే మకాం. గాలికి బాగుంటుందని మందు కూడా అక్కడికే పట్టుకుపోతాడు. అడిగితే ఒకటే మాట.

"నీ మీద ఒట్టే తల్లీ, ఒక్క కాయ నోట్లో పెట్టలేదు. పురుగు పట్టి రాలిపోతున్నాయి."

డాక్టరు పదో కాయ కూడా కోశాడు.

"పురుగు లేదు, గుడ్డు లేదు, తిన్న పిప్పీ లేదు. కాయకో సన్నటి కన్నం, అంతే. అవీ కింది కొమ్మలవే. పైవన్నీ నిగనిగలాడుతున్నాయి. చేతికందే కాయలే ఏరుకునే పురుగును నా సర్వీసులో చూళ్ళేదమ్మా."

ఆమెకు ఒళ్ళు మండింది. వెంటనే ఏడుపూ వచ్చింది.

"నాన్నా! పండింది తిని పచ్చిది పారేస్తున్నావు కదూ? వేలు పోయినా ఫర్వాలేదా నీకు?"

"ఒట్టేశాను కదే!" పక్కనే కుర్చీలో ఉన్న పెద్దాయన లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. కూతురి కళ్ళలోకి చూడలేదు.

డాక్టరు ఆ పూట రాలిన కాయను వాసన చూసి మొహం చిట్లించాడు. "ఇదేదో ఆసుపత్రి వాసన. చెట్టుకేమైనా కొట్టారా?"

ఆమె అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

అది, రోజూ రెండు పూటలా తనే ఫ్రిజ్‌లోంచి తీసి, సిరంజిలోకి ఎక్కించి, నాన్న చేతికిచ్చి పెరట్లోకి పంపే ఇన్సులిన్ వాసన.