అన్నిటికీ పనిచేసే రిమోట్

“రిమోట్ ఎలా పోతుందిరా? దానికేమైనా కాళ్లొచ్చాయా?”

అక్క సోఫా దిండ్లన్నీ తీసి నేలమీద పడేసింది. తమ్ముడు గోడకి ఆనుకుని గోళ్లు గిల్లుకుంటున్నాడు. అమ్మ పోయాక ఆ ఇంట్లో ఉంటున్నది వాడొక్కడే.

“పోయింది, ఏం చెయ్యమంటావు? వెతకని చోటు లేదు.”

“అమ్మ వస్తువు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి జాగ్రత్తగా ఉంచలేకపోయావు. నిన్ననుకుని ఏం లాభంలే.” సంచిలోంచి కొత్త రిమోట్ తీసింది. “యూనివర్సల్ అట. ఏ కంపెనీ డీవీడీ ప్లేయర్‌కైనా పనిచేస్తుందని కొట్టతను ఒట్టేసి మరీ చెప్పాడు.”

తమ్ముడు ఆ రిమోట్‌ని పాముని చూసినట్టు చూశాడు.

“ఇవాళ వద్దులే అక్కా. ప్రయాణం చేసొచ్చావు. ముందు ఏదైనా తిను.”

“నీకు బద్ధకమైతే పక్కన కూర్చో.”

అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్. ఊళ్లో సగం మందికి ఆమె మొహం తెలియదు గానీ గొంతు అందరికీ తెలుసు. ఇప్పుడా గొంతు మిగిలింది ఒక్కచోటే, రిటైరైన రోజున ఆఫీసువాళ్లు తీయించిన డిస్కులో. ఆ సభకి అక్క వెళ్లలేదు. అమ్మతో మాటలు మానేసిన రోజులవి. తిరిగి పలకరిద్దామనుకునేసరికి పలకడానికి అమ్మ లేదు. అమ్మ ఆ రోజు మైకు ముందు కూతురి గురించి ఏదో చెప్పిందని మాత్రం వెళ్లినవాళ్లు చెప్పారు. ఏం చెప్పిందో అడగడానికి అక్కకి అభిమానం అడ్డొచ్చింది.

“అమ్మ ఏమందో నేను చెప్తాను కదా. నాకు కంఠతా వచ్చు,” అన్నాడు తమ్ముడు.

“నువ్వు చెప్తే నాకొద్దు. అమ్మ నోటితోనే వినాలి. తిట్టినా సరే. డిస్కేదీ?”

తమ్ముడు బీరువాలోంచి తెచ్చాడు. అక్క చెయ్యి చాపింది.

“నేను పెడతాలే,” అని తనే ప్లేయర్‌లో పెట్టేశాడు.

తెరమీద వరుసగా పేర్లొచ్చాయి. ఫోటోలు, సన్మానం, అన్నిటికన్నా కింద ప్రసంగం. ప్లేయర్ మీదున్న బటన్ నొక్కితే ఫోటోలే తిరుగుతాయి, అయిపోగానే మళ్లీ మొదటికొస్తాయి. కిందికి దిగాలంటే రిమోట్ మీది బాణం గుర్తే దిక్కు.

అక్క నేలమీద మఠం వేసుకుని రిమోట్‌తో పాటు వచ్చిన కాగితం విప్పింది. సెట్ బటన్ నొక్కిపట్టాలి. ఎర్రదీపం వెలగగానే కోడ్ కొట్టాలి. తర్వాత పవర్ నొక్కితే ప్లేయర్ ఆరిపోవాలి. ఆరిందంటే అదే అసలు కోడ్. కొట్టింది, నొక్కింది. ప్లేయర్‌కి ఉలుకూ పలుకూ లేదు. ఇంకోటి కొట్టింది. అదీ అంతే. ప్లేయర్ మీద కంపెనీ పేరు ఎప్పుడో చెరిగిపోయింది, కాబట్టి కాగితంలో ఉన్నవన్నీ కొట్టాల్సిందే. యూనివర్సల్ అని పేరు పెట్టిన మహానుభావుణ్ణి తెచ్చి ఆ గదిలో కూర్చోబెట్టాలి.

“లోకంలో అన్నిటికీ పనిచేస్తుందట, మన కొంపలో దానికి తప్ప!”

“వదిలెయ్యక్కా.” అన్నాడు తమ్ముడు. “నీకు పుణ్యముంటుంది, వదిలెయ్.”

“నీకేంరా? ఎదురుగా కూర్చుని విన్నావు. నేను వినలేదు.”

అక్క తల వంచుకుని కొడుతూనే ఉంది. బొటనవేలు నొప్పి పుట్టింది. ఒక్కో కోడ్ తప్పినప్పుడల్లా అమ్మ ఫోన్ పెట్టేసినట్టే అనిపించి ఏడుపొచ్చింది, దిగమింగుకుంది.

కాగితం అడుగుకి వచ్చాక, టక్కున ప్లేయర్ దీపం ఆరిపోయింది.

“ఆరింది! ఒరేయ్, ఆరింది!”

కాగితం తమ్ముడి వైపు విసిరేసి మళ్లీ వెలిగించింది. బాణం నొక్కితే ఫోటోల మీది వెలుగు సన్మానం మీదికి, అక్కణ్ణించి ప్రసంగం మీదికి దిగింది. అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుంది, అమ్మ తనని చూడబోతున్నట్టు. ఓకే నొక్కింది.

మైకు కనిపించింది. మైకు వెనక అమ్మ. కళ్లజోడు సర్దుకుంది, గొంతు సవరించుకోబోయింది. అంతే, బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోయింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. మళ్లీ అక్కడే ఆగింది.

“ఇది సరైన కోడ్ కాదు.” అక్క రిమోట్‌ని అరచేతిలో తట్టింది. “దగ్గరదగ్గరగా ఉండే కోడ్ ఏదో తగిలుంటుంది. ఇంకోటి చూద్దాం. ఆ కాగితం ఇలా ఇయ్యి.”

తమ్ముడు కాగితం ఇవ్వలేదు. లోపలి గదిలోకి వెళ్లి వచ్చి, అక్క ముందు కూలబడి, ఆమె ఒళ్లో ఏదో పెట్టాడు. బాణం గుర్తు పూర్తిగా అరిగిపోయిన పాత రిమోట్.

“రోజూ పెట్టుకుని వినేవాణ్ణి. మధ్యమధ్య ఆగుతోందని గుడ్డ పెట్టి రుద్దీ రుద్దీ, డిస్కు అంచంతా, ఆ ప్రసంగం ఉన్నచోటే, నా చేతులతో నేనే గీసేశాను,” అన్నాడు. “రిమోట్ దొరకనన్నాళ్లూ అమ్మ గొంతు నీకోసం అందులోనే ఉంటుంది కదా అని, దీన్ని దాచేశానక్కా.”